సాక్సనీ రాజుగారి శ్రావణ శుక్రవారం

ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఎమ్మెస్ చదివిన ఆ రోజుల్లో నేను మొహమాటం లేకుండా మాట్లాడిన ఒకే ఒక్క మనిషి సాక్సనీ రాజు. జర్మనీ ఇంకా ఒక్క దేశం కాక, చిన్నచిన్న రాజ్యాలుగా ఉన్నప్పటి వెండి నాణెం మీద ఉండేవాడాయన, పెద్ద ముక్కుతో. (క్లాసులో ఎవరైనా హాయ్ అంటే నేను బ్యాగు జిప్పు చూసుకునేదాన్ని.) అలాంటి నాణేలు నా డబ్బాలో ఇంకొన్ని ఉన్నా, ఈయన నలుపే వేరు. తరాల తరబడి గాలి తగిలి, నీలం, ఊదా కలిసి నిగనిగలాడే నలుపు. నాణేలు సేకరించేవాళ్ళు దాని కోసం ప్రాణం పెడతారు. పొరపాటున కూడా తుడవరు.

ఊళ్ళో నాణేల క్లబ్బు వాళ్ళు ఒక శుక్రవారం సాయంత్రం నన్ను మాట్లాడమన్నారు. ఇక్కడైనా నాకంటూ నలుగురు దొరుకుతారన్న ఆశతో ఒప్పుకున్నాను. డైరీలో రాసుకుని, అద్దం ముందు బట్టీపట్టాను. ప్రసంగమంతా ఆ నలుపు గురించే.

అది శ్రావణ శుక్రవారమని నాకు తట్టలేదు. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ పూజకి వెండి సామాను తోముతూ, హాల్లో టేబుల్ మీదున్న నా నాణేన్ని చూసి జాలిపడింది. క్లాసు నుంచి వచ్చేసరికి అమ్మవారి పక్కన, తమలపాకులో, రాజుగారు తళతళా మెరిసిపోతున్నారు. నుదుట కుంకుమ బొట్టు కూడా.

"వెండిని అలా వదిలేస్తారా ఎవరైనా? టూత్‌పేస్టూ విభూతీ పెట్టి చేతులు పడిపోయేలా రుద్దాను. ఇప్పుడు చూపించుకో మీ వాళ్ళకి!"

"థాంక్స్ ఆంటీ" అన్నాను. నా బతుకంతా అంతే.

తనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళి, వెనక వరసలో కూర్చుంది. నాకు వేరే మాటలు రావు కనక, బట్టీపట్టినట్టే "ఈ నలుపును గమనించండి" అని మొదలుపెట్టాను. ముందు వరసలోని పెద్దాయన నాణెం అందుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, చావు కబురు విన్నవాడిలా అడిగాడు, "ఎవరు చేశారు ఇది?" ఆంటీ చెయ్యి లేవబోతోంది. "నేనే" అన్నాను. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడలేదు.

కార్‌లో ఆంటీ మూతి ముడుచుకుంది. "తోమింది నేనైతే పేరు నువ్వు కొట్టేస్తావా?"

ఆ క్లబ్బు గడప మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు చాండ్లర్‌లో ఉద్యోగం; ఇక్కడా లంచ్‌కి ఒక్కదాన్నే. రాజుగారి చెవి వెనక మాత్రం ఇప్పుడిప్పుడే చిన్న నల్లమచ్చ కనిపిస్తోంది. ఆ పాత నలుపు తిరిగొచ్చేసరికి నేనుండను. అయినా దాన్ని చూసినప్పుడల్లా, అద్దం ముందు పాఠం అప్పజెప్పుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇక్కడికి బయల్దేరిన రోజు ఎయిర్‌పోర్టులో ఆంటీ నా చేతిలో పులిహోర డబ్బా పెట్టి అన్న చివరి మాటా గుర్తొస్తుంది.

"ఆ రాజుగారు మళ్ళీ నల్లబడితే మొహమాటపడకే. పట్టుకొచ్చెయ్యి, తోమిపెడతా."