సూర్యుడికి జామీను

ఆ కాలంలో మా వైపు మనిషికి ఇంకేం ఉన్నా లేకపోయినా పార్టీ (ఓట్ల పార్టీ కాదు, ముఠా) మాత్రం ఉండి తీరాలి. లేదన్నవాడు దాచిపెడుతున్నాడని అర్థం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మిషన్ బళ్ళలో మూడు తరాలుగా పాఠాలు చెప్పుకుని బతికిన ప్రొద్దుటూరు కుటుంబం మాది. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో సైన్సు మాస్టరుగా మొదటి ఉద్యోగం వచ్చింది. (ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ ధైర్యం చాలదు.) రోజూ పొద్దున బడి మిద్దె మీద చిన్న టెలిస్కోపు నిలబెట్టి, సూర్యబింబాన్ని తెల్ల అట్ట మీద పడేసి, అందులోని మచ్చల్ని పిల్లల చేత గీయించేవాణ్ణి. అవి జరిగే తీరును బట్టి సూర్యుడు ఎలా తిరుగుతున్నాడో తెలుస్తుంది. నాకు తెలియనిదల్లా, మా గొట్టం చూస్తున్న తూర్పు వైపే ఊరి పెద్దాయన ఇల్లు ఉందని. ఆయన మీద అప్పటికే రెండుసార్లు బాంబులు పడ్డాయి.

మచ్చలు గీయించడం మొదలుపెట్టిన నాలుగో రోజు ఇద్దరు మనుషులు వచ్చి, నన్నూ గొట్టాన్నీ తీసుకుపోయి ఆయన వాకిట్లో నిలబెట్టారు.

"ఎవరు పంపినారప్పా నిన్ను?" అన్నాడు పెద్దాయన, శానా నెమ్మదిగా.

"ఎవరూ పంపలేదన్నా. సూర్యుణ్ణి చూస్తాండా."

భయం పుడితే మాస్టరు నోరు ఆగదు. సూర్యుడు రాయిలా ఒక్కటిగా తిరగడనీ, నడుము దగ్గర ఇరవై అయిదు రోజుల్లో చుట్టేస్తే ధ్రువాల దగ్గర ముప్పై అయిదు దాకా పడుతుందనీ, పై పొరలు తలా ఒక వేగంతో పోతుంటే లోతున ఉన్నది మాత్రం ఒకే ముద్దగా తిరుగుతుందనీ, ఆ రెండింటి మధ్య నలిగే పొరలోనే మచ్చలకు మూలం ఉందని చాలామంది శాస్త్రజ్ఞులు అనుకుంటారనీ, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను.

"సూర్యుని లోపల యాడ చూసినావు నువ్వు?"

"సూర్యుడు ఎప్పుడూ అదురుతా ఉంటాడన్నా. పుచ్చకాయను తట్టి పండిందో లేదో చెప్పినట్ల, ఆ అదురును బట్టి లెక్క కడతారు."

పెద్దాయన గొట్టాన్ని వేలితో తట్టి చూశాడు. "మనుషుల్ని గూడా అట్ల తట్టి చూస్తే, లోపల యా పార్టీనో తెలుస్తాదా?"

ఎవరూ నవ్వలేదు. అక్కడే గొట్టం పెట్టించి అట్ట మీద బింబం చూశాడు. అంచుకు చేరిన పెద్ద మచ్చ మీద వేలు పెట్టి, "ఇది అవతలికి పోతే మళ్ళా వస్తాదా?" అన్నాడు.

"పద్నాలుగు దినాలకు ఈ రెండో అంచున వస్తాదన్నా" అనేశాను. అన్నాక గుర్తొచ్చింది, కొన్ని మచ్చలు అవతలే కరిగిపోతాయని.

"వస్తే నిన్ను నమ్ముతా. రాకుంటే మళ్ళా మాట్లాడుకుందాం."

(ఆ ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఏమిటో మా హెడ్మాస్టరు ఆ సాయంత్రం విడమరిచి చెప్పారు. నాకు జ్వరం వచ్చింది.) సూర్యుడి మీద మచ్చ కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేసిన క్రైస్తవుడు లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. పద్నాలుగో రోజు చూస్తే అట్ట మీద బింబం కడిగిన పళ్ళెంలా ఉంది. పదిహేనో రోజూ అంతే. ఎర్రగుంట్లలో రైలెక్కి ఎటైనా పోదామని సంచి సర్దుకుని బస్సు కోసం నిలబడ్డాను. అప్పుడే వార్త వచ్చింది. పులివెందుల దారిలో జీపు మీద బాంబులేసి పెద్దాయనను చంపేశారట.

"దేవా, నీకు స్తోత్రం" అన్నాను. పైకే అన్నాను. ఒక మనిషి ముక్కలై పోతే నేను దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

పదోనాడు అందరితో పాటు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దాయన భార్య నన్ను గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది.

"ఆ పొద్దు జీపెక్కతా గూడా నిన్నే తలుచుకున్యాడు సారూ. రాంగానే ఆ మచ్చ సంగతి కనుక్కోవల్ల అన్యాడు. వచ్చిందా అది?"

"వచ్చిందమ్మా."

"నేను ముందే చెప్తి, ఆ పిల్లోడు అట్లాంటోడు కాదని. ఈ మాట ఇనుంటే నెమ్మదిగా ఉండేది ఆయనకు" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. అవతలికి పోయిన మచ్చలన్నీ తిరిగి రావని ప్రతి తరగతికీ చెప్పాను. సంచి పట్టుకుని బస్టాండులో వణికిపోయిన ఆ కుర్ర మాస్టరును తలచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడు ఆమెకు చెప్పిన ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం నేను ఈనాటికీ దిద్దలేదు.