పరీక్షల దాకా ఆగిన నా చెయ్యి

పెళ్ళికూతురి జాకెట్టు మగ్గానికి బిగించి పూసలు కుడుతున్నాను. సూది చేతిలోంచి జారిపోయింది. జారినట్టు కూడా నాకు తెలియలేదు. మా తోటికోడలు షమీమ్ తీసి ఇస్తే అప్పుడు చూసుకున్నాను. అంతకుముందే నిద్ర లేచేసరికి కుడిచేతి వేళ్ళు మొద్దుబారి ఉండేవి, విదిలిస్తే సర్దుకునేవి. జగ్గయ్యపేటలో మగ్గం వర్కు చేసేవాళ్ళలో చెయ్యి నొప్పి లేనిదెవరికిలే అనుకున్నాను.

నందిగామ డాక్టరు గారు బిళ్ళలిచ్చారు. తగ్గలేదు. బొటనవేలి కింద కండ పల్చబడటం చూసి, ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రాసిచ్చారు. అక్కడ ఎముకల విభాగం పెద్ద డాక్టరు నా మణికట్టు మీద వేలితో కొడితే వేళ్ళ చివరిదాకా కరెంటు పాకినట్టయింది. నర్వ్ టెస్ట్ చేయించారు. కార్పల్ టనెల్ అన్నారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట, చిన్న ఆపరేషన్ చాలట. తర్వాత స్టూడెంట్లను పిలిచి నా చెయ్యి చూపిస్తూ "క్లాసికల్ కేస్" అన్నారు. అదేదో మెచ్చుకోలనుకుని మురిసిపోయాను.

ఆపరేషన్ ఎప్పుడని అడిగాను.

"తొందరేం లేదమ్మా. ఫైనలియర్ పిల్లల పరీక్షలున్నాయి. వాళ్ళ పరీక్షలో చూపించడానికి ఇలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు. అవ్వగానే చేసేద్దాం, అప్పటిదాకా మణికట్టు కదలకుండా ఈ స్ప్లింట్ పట్టీ పెట్టుకోండి."

నా చెయ్యి చూసి నలుగురు డాక్టర్లవుతారంటే కాదనబుద్ధి కాలేదు. మా ఆయన ముక్త్యాల నుంచి సిమెంటు లారీ తోలతాడు. బండి ఆగిపోయేలా ఉంటే వచ్చే నెల రమ్మనే మెకానిక్‌ని చూడలేదే అని గొణిగాడు. అంత చదువుకున్నాయనకి తెలియదా అని కసిరాను. పరీక్షలు ఒకసారి వాయిదా పడ్డాయి. నా ఆపరేషనూ వాయిదా పడింది. ఈలోగా జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కూడా కష్టమైపోయింది.

పరీక్ష రోజు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, జబ్బు పేరు మాత్రం చెప్పొద్దన్నారు. స్టూడెంట్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకతను మెడ దగ్గర మొదలెట్టి మోచేతి దగ్గరే ఆగిపోయాడు. పేరు కాస్త చెప్పండమ్మా అని బతిమాలాడు. మాటిచ్చాను కదా, చెప్పలేదు.

చివర ఒకమ్మాయి వచ్చింది. నొప్పెడితే చెప్పమంటూ ఓపిగ్గా అంతా చూసింది, జబ్బు పేరు సరిగ్గా చెప్పింది. మరి ట్రీట్‌మెంట్ ఏమిటని బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ అడిగారు. ఆ పిల్ల ఇంగ్లీషులోనే జవాబిచ్చింది గానీ, "ఇమ్మీడియట్ సర్జరీ", "డిలే" అన్న మాటలు నాకూ అర్థమవుతాయి. ఆయన పక్కనే కూర్చున్న మా పెద్ద డాక్టరు గారు తలాడించి మార్కులు వేశారు. నా వైపు చూడలేదు.

బయట వరండాలో ఆ అమ్మాయిని ఆపి ఏం చెప్పావమ్మా అని అడిగాను.

"కండ తగ్గడం మొదలయ్యాక ఇంక ఆగకూడదు ఆంటీ. లేటైతే కండ మళ్ళీ రాకపోవచ్చు. మీకు సర్జరీ ఎప్పుడన్నారు?"

"మీ పరీక్షలయ్యాక అన్నారమ్మా."



ఆ తర్వాతి వారం ఆపరేషన్ చేశారు. మొద్దుబారడం పోయింది. కండ రాలేదు, పట్టు రాలేదు. ఫిజియోథెరపీ చేయించుకున్నా అంతే. చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆయన్ని నిలదీశాను. ఆ కాస్త ఆలస్యానికి పెద్ద తేడా ఏం ఉండదమ్మా అన్నారు.

"తేడా లేకపోతే ఆ పిల్ల చెప్పినదానికి మార్కులెందుకేశారండీ?"

ఆయన తర్వాతి పేషెంటుని పిలిచారు.

ఇప్పుడు డిజైన్లు నేను గీస్తాను, షమీమ్ కుడుతుంది. సన్న పూసల పని నా చేతికి రాదు. నమ్మి చెడినవారు లేరంటారు. నేను చెడ్డాను. ఆ కోపం ఇంకా ఉంది, ఉండనీ.

చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. మీ కేసు బాగుందని ఏ డాక్టరైనా అంటే మురిసిపోకండి. ఆగితే నాకేం పోతుందండీ అని అక్కడే అడగండి. జవాబు వాళ్ళకి వచ్చు. పరీక్షలో అడిగేదే.