మిర్గానికి ముందు మేత

చేపల సంగతి నాకు తెలుసు. ఎవరేమైనా అనుకోనీ. మెట్‌పల్లి పక్కన మా పొలంలో తవ్విన చెరువులో కొర్రమీను పెంచుతున్నాను. దాన్ని పెంచడం కష్టం కాదు, బతికుండగా ఊరు దాటించడమే కష్టం. వలలో పడి, డ్రమ్ములో ఇరుక్కుని, బండి కుదుపులకు బెదిరి సగం ప్రాణం దారిలోనే పోగొట్టుకుంటుంది.

పోయిన మిర్గానికి అదే జరిగింది. మృగశిర కార్తె మొదటి రోజు మా వైపు చేప వండని ఇల్లు అరుదు. ఎగిరే కొర్రమీనునే అడుగుతారు. నావి ఉట్నూరు చేరేసరికి చాలావరకు చచ్చి, తెల్లటి కడుపులు పైకి తేలాయి. అక్కడ చేపలమ్మే భాయి, మళ్లీ ఇట్లయితే నా సరుకు ముట్టనన్నాడు.

అందుకే దారి కుదుపులు తట్టుకోవాలని ఈసారి ఎండాకాలమంతా తిప్పతీగ ఆకు, పసుపు కలిపి మరిగించి, వడగట్టి, గంజితో దాణాకు పట్టించి, నీడన ఆరబెట్టి మేపాను. మా అత్త ఒకటే ఎగతాళి.

"మాకు దగ్గచ్చినా ఒక్కనాడు కషాయం పెట్టకపోతివి. చాపలకు మరిగిస్తున్నవా?"

నవ్వుకోనిచ్చాను. అంతకుముందు వల వేస్తే రెండు రోజులు మేతకు రాని చేపలు, ఇప్పుడు అదే సాయంత్రం నోళ్లు తెరుచుకుని వస్తున్నాయి. కషాయం పని చేసేది అట్లా, ముందునుంచీ మేపితేనే. జబ్బు పడ్డాక పోసే మందు కాదది.

మిర్గం ముందురోజు మధ్యాహ్నం బండి రావాలి. పొద్దున్నే వల వేసి చేపల్ని సిమెంటు తొట్టిలోకి మార్చాను. ఇక మేత పెట్టకూడదు. డ్రమ్ములు కడిగి వచ్చేసరికి దాణా సంచి ఖాళీ.

"అత్తా, వీటికేమన్న పెట్టినవా?"

"పెట్టిన. ఇంట్లకెళ్లి పోయేటోళ్లను ఉపాసం తోల్తరా? కడుపునిండ తిన్నయి."

నాకు ఒళ్లు మండిపోయింది. "కడుపు నిండిన చాప దారిల కక్కుతది! నీళ్లు ఖరాబై అన్ని సస్తయి! ఎవలు పెట్టుమన్నరు నిన్ను?"

అరిచాను. అరవాల్సిందే. అత్త లోపలికి వెళ్లిపోయింది.

వచ్చిన బండిని, తెల్లవారకముందే మళ్లీ రమ్మని తిప్పి పంపాను. బోరు నీళ్లు తొట్టిలోకి వదిలి, అవతల నుంచి పారేటట్టు పెట్టాను. చేపల కడుపులు ఖాళీ కావాలంటే వేరే దారి లేదు. భాయి ఫోన్‌లో లబలబలాడాడు.

"మిర్గం దాటినంక ఎవలు కొంటరక్కా? నన్ను పరేషాన్ చేయకు!"

"పొద్దుగాల నువ్వు దుకాణం తీసేవరకు ఆడుంట. ఫికర్ చేయకు," అన్నాను. మాటైతే ఇచ్చాను. కానీ రాత్రంతా తొట్టిలో ఇరుకున ఉన్న చేపల్ని మళ్లీ వలతో డ్రమ్ముల్లోకి ఎత్తాలి. ఒక్కసారి వలకే చచ్చే చేప ఇదంతా తట్టుకుంటుందా? నా కషాయానికి అదే అసలు పరీక్ష.

తెల్లవారకముందే ఎక్కించి, డ్రైవర్ పక్కన కూర్చున్నాను. ఉట్నూరులో మూత తీయగానే ఒక కొర్రమీను ఎగిరి రోడ్డు మీద పడింది. భాయి దాని వెంట పరుగెత్తాడు. కొనడానికి వచ్చినవాళ్లు పడీపడీ నవ్వారు. ఒకటీ అరా తప్ప అన్నీ బతికే ఉన్నాయి. నాకు గంతులేయాలనిపించింది.

ఇంటికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే అత్త ఎత్తింది.

"బతికినయా?"

"ఎగురుతున్నయత్తా. రోడ్డు మీద పట్టుకుంటున్నరు."

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందని తెలిసింది.

"ఇప్పుడింత తింట," అంది. "నిన్నటిసంది మెతుకు ముట్టలే. అవి సస్తే నేను చేతులార సంపినట్టే గద బిడ్డా."

ఫోన్‌ను రెండు చేతులా చెవికి ఆనించుకున్నాను.

"నువ్వు తిన్నవా?" అని అడిగింది.

పొద్దుటి నుంచి నేను చాయ్ కూడా తాగలేదు. ఆ మాట చెబితే ఆమె కంచం ముందు కూర్చోదు.

"కడుపునిండ తిన్న అత్తా," అన్నాను.