గిరిజమ్మ తెల్లబుట్టలు

మా పక్కింటి గిరిజమ్మకు కాగితమంటే చదివేది కాదు, నానేసేది. నేను బడిలో దిద్దిన పరీక్ష పేపర్లన్నీ ఏడాది చివర ఆమె గంగాళంలోకే పోయేవి. "టీచరమ్మా, ఈసారి నీ పోరగాండ్లు తక్కువ రాసిన్రు. కాయితం మంచిగ నానింది" అనేది, ముఖంలో నవ్వన్నది లేకుండా. అది నా చదువు చెప్పడం మీద విసురో, నిజంగానే సంతోషమో తెలియక నాకు ఒళ్ళు మండేది.

ఆమె పుట్టిల్లు న్యాల్‌కల్ దాటాక, కర్ణాటక సరిహద్దులో ఉన్న చిన్న ఊరు. సంగప్పను పెళ్ళాడి జహీరాబాద్ వచ్చింది. డెబ్బైల మొదట్లో సంగప్ప కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అత్తింటివాళ్ళు వెనక్కి పొమ్మన్నారు, పుట్టింటివాళ్ళు రమ్మనలేదు. అప్పుడు చేతికొచ్చింది తల్లి నేర్పిన పని. రద్దీ కాగితాన్ని, అంటే దుకాణాల్లో పోగయ్యే పాత చిత్తు కాగితాన్ని నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో మెత్తగా దంచి, బోర్లించిన కుండ మీద ఆ ముద్దను తట్టి, ఎండాక కుండను జారుస్తే బుట్ట వచ్చేది. మెంతుల చేదుకు పురుగు చేరదు. ఆ రోజుల్లో మా వీధిలో కందిపప్పు, పెసలు, జొన్నపిండి గిరిజమ్మ బుట్టల్లోనే ఉండేవి. మా ఇంట్లోనూ అంతే.

మనిషి మంచిదే గానీ పట్టింపులు మాత్రం మోయలేనన్ని. లింగపూజ కానిదే మంచినీళ్ళు ముట్టదు. నేను తాగిన గ్లాసుతో ఆమె బిందె దరిదాపులకు పోతే ఇల్లు పీకి పందిరేసేది. ఎంగిలి అన్న మాట ఆమె నోట రోజుకెన్నిసార్లు వచ్చేదో నేను లెక్క పెట్టడం మానేశాను.

దుకాణాలు తిరిగి రద్దీ తెచ్చి ఇచ్చేవాడు పీటర్. పెరటి దారిన వచ్చి గోనెసంచి దించేవాడు. గోడ గూట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. అతను దాన్ని తీసి పట్టుకుంటే గిరిజమ్మ పైనుంచి చాయ్ పోసేది. తాగాక నల్లా దగ్గర తనే కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించేవాడు. ఊళ్ళో చాయ్ హోటళ్ళలోనూ పీటర్ వాడవాళ్ళకు అదే పద్ధతి కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

ఎనభైలు వచ్చేసరికి ప్లాస్టిక్ డబ్బాలు దిగాయి. రంగు రంగులవి, మూత ఉన్నవి, కింద పడినా పగలనివి. గిరిజమ్మ బుట్టలు ఇంట్లోనే ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. సరిగ్గా అప్పుడే హైవే పక్కన పెద్ద ఫ్యాక్టరీ లేచింది. పీటర్‌కు అందులో క్యాంటీన్ ఊడ్చే పని దొరికింది. అక్కడ చాయ్, కాఫీలకు గాజు గ్లాసులు కాదు, కాగితం కప్పులు.

"మేనేజర్ తాగే కప్పు, నేను తాగే కప్పు ఒక్కటే టీచరమ్మా! తాగినంక ఎవనిది ఆడు పారేసుడే. కడిగే ముచ్చటే లేదు" అన్నాడు పీటర్. కనిపించిన ప్రతిసారీ అదే చెప్పేవాడు. మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

పారేసిన కప్పులు ఫ్యాక్టరీ వెనుక గుట్టయ్యాయి. తగలబెడితే పొగ చెరుకు తోటల మీదికి పోయి రైతులు గొడవకొచ్చారు. కప్పులు చేసే కంపెనీ హైదరాబాద్ నుంచి అమర్నాథ్ అనే ఆఫీసరును పంపింది. ఆయన వాటిని లారీకెత్తి ఒక అట్టల మిల్లుకు పంపాడు. కాఫీ కారకుండా కప్పుకు లోపల, చాయ్ వేడికి కరగని గట్టి మైనం పూస్తారట. ఆ మైనం మిల్లు జల్లెళ్ళకు అంటుకుపోయి, లారీ సరుకుతో సహా తిరిగొచ్చింది. ఆయన తల పట్టుకుని కూర్చుంటే, పీటరే ఆయన్ని గిరిజమ్మ ఇంటికి తీసుకొచ్చాడు.

గిరిజమ్మ కప్పుల్ని రద్దీ లాగానే చన్నీళ్ళలో నానేసింది. అవి నానలేదు. "ఇదేం కాయితమో! నీళ్ళంటే జర సుత భయం లేదు దీనికి" అని తిట్టిపోసింది. చివరికి విసుగొచ్చి స్నానాల కాగులో వేసి గంటల తరబడి ఉడికించింది. మైనం కరిగి పైకి తేలింది. చల్లారాక మీగడ కట్టినట్టు కట్టింది. దాన్ని తీసేస్తే అడుగున తెల్లటి గుజ్జు మిగిలింది. అచ్చుసిరా అంటిన రద్దీతో ఇన్నేళ్ళూ ఆమె బుట్టలు బూడిద రంగులోనే వచ్చేవి. తొలి తెల్లబుట్ట కుండ మీంచి జారిన రోజున ఆమె నా దగ్గరికి పరుగున వచ్చి అరచేతులు చూపించింది.

"సూడు టీచరమ్మా. నా చేతులు నల్లగ కాలేదు."

"మరి ఎంగిలి కప్పులు కదా?" అన్నాను, నోరు ఊరుకోక.

"అగ్గి తగిలినంక ఇంకేం ఎంగిలి?" అంది కొట్టిపారేస్తూ. గూట్లో ఉన్న సత్తు గ్లాసుకు మాత్రం ఇన్నేళ్ళుగా ఏ అగ్గీ తగిలినట్టు లేదు.

ఊళ్ళో ఈ బుట్టలు చెల్లితే షెడ్డు వేయిస్తామనీ, ఇంకొంతమంది ఆడవాళ్ళకు ఆమే పని నేర్పాలనీ అమర్నాథ్ చెప్పాడు. గిరిజమ్మకు ఆ షెడ్డు ఎంత అవసరమో నాకు తెలుసు. "అమ్మ నాకిచ్చిన పని, టీచరమ్మా. పిల్లలు లేనిదాన్ని, నాతోనే పోతదనుకున్న. గిప్పుడు పోదు" అంది.

ఝరాసంగం వైపు పొలాలున్న పెద్దింటి మహాదేవమ్మ మొదటి బుట్ట తీసుకుంది. ఆమె ఏది కొంటే మిగతావాళ్ళు అదే కొంటారు. వారం తిరగకుండానే బండి దిగి, ఆ బుట్టను పెరట్లో నేల మీద పెట్టింది. అమర్నాథ్ అక్కడే ఉన్నాడు. పీటర్ అప్పుడే కొత్త సంచీతో వచ్చాడు. నేను మా గోడ పక్క నిలబడి ఉన్నాను.

"గిరిజమ్మా, ఇవి ఫ్యాక్టరీల తాగి పారేసిన కప్పులంట గదా? నా పప్పు అండ్ల పొయ్యమంటవా?"

"మంచిగ ఉడకవెట్టిన అక్కా. అగ్గి తగిలినంక..."

"అగ్గి సరే. ఎవరి ఎంగిలి? అది చెప్పు."

అమర్నాథ్ చప్పున అందుకున్నాడు. "అమ్మగారూ, ఇవన్నీ ఆఫీసర్లు తాగిన కప్పులే. వాళ్ళవి వేరుగా తీయిస్తాం."

పచ్చి అబద్ధం. ఆ ఫ్యాక్టరీలో ఉన్నదే ఒక్క క్యాంటీన్. కానీ మహాదేవమ్మ ముఖం విప్పారింది. నేల మీది బుట్టను కాస్త తన వైపుకు జరుపుకుంది. ఎంగిళ్ళలో పై ఎంగిలి, కింది ఎంగిలి ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. కోపంతో నవ్వొచ్చింది.

"గిట్ల ముందే చెప్పొద్దా! నువ్వు చెప్పు గిరిజమ్మా. నువ్వు చెప్తే నమ్ముత."

తల ఊపితే చాలు. షెడ్డు వస్తుంది, తల్లి పని నిలుస్తుంది. గిరిజమ్మ బుట్ట వైపు చూసింది. తర్వాత పీటర్ వైపు చూసింది. అతను సంచి దించకుండా, తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"ఆఫీసర్లది ఉన్నదక్కా. ఊడ్చెటోళ్ళది ఉన్నది. గీ పీటర్‌ది సుత ఉన్నది. అన్ని ఒక్క కాగులనే ఉడికినయ్. ఏరి పక్కకు వెట్టుడు నాతోని కాదు" అంది.

మహాదేవమ్మ బుట్టను అక్కడే వదిలేసి బండెక్కింది. "ఒక్క మాటతో అయిపోయేది కదమ్మా" అని అమర్నాథ్ నిష్ఠూరమాడి వెళ్ళిపోయాడు. తర్వాత రోజుల్లో మిగతా బుట్టలూ ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. మా ఇంట్లో ఒకటి ఉండిపోయింది. కంపెనీ మైనం మానేసి కప్పులకు ప్లాస్టిక్ పొర వేయడం మొదలుపెట్టింది. అది ఎంత ఉడికించినా ఊడదు. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ సాయంత్రం మాత్రం గిరిజమ్మ పెరట్లో చతికిలబడి బావురుమని ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. పీటర్ సంచి దించాడు. కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని లేచి, లోపలికి పోయి చాయ్ పెట్టింది. పీటర్ అలవాటుగా గూట్లోకి చెయ్యి పెట్టాడు.

"అది ఉండనియ్యి" అంటూ ఆమె స్టీలు గ్లాసుతో బయటికొచ్చింది. దాని మీద సంగప్ప పేరు చెక్కి ఉంది. ఆయన పోయాక అందులో ఎవరూ తాగగా నేను చూడలేదు.

"ఎందుకమ్మా గిప్పుడు? నాకు అలవాటైంది గదా" అన్నాడు పీటర్.

"నాకు సుత అలవాటైంది పీటరూ. గదే నా బాధ."

అతను గ్లాసు అందుకుని చాలాసేపు తాగాడు. తాగి, లేచి, నల్లా వైపు నడిచాడు. గిరిజమ్మ అడ్డమొచ్చి చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

"ఎంగిలున్నదమ్మా."

"నాకెరికే" అని గ్లాసు తీసుకుని, నల్లా కింద కూర్చుని తనే కడిగింది. పీటర్ తడవని చేతులతో ఆమె వెనకే నిలబడిపోయాడు.