మా మరిది చేతి వంట

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి, గొంతెత్తి చెప్పే ఓపిక నాకు లేదు. చేతిలో పనేదైనా ఉంటే కాసేపు పక్కన పెట్టండి. మా మరిది నాగభూషణం ఇక లేడు. మరిపెడలో మా కిరాణా దుకాణానికి వచ్చిపోయే వాళ్లకు ఆయన ‘ఓడ నాగన్న’గానే తెలుసు. సముద్రాన్ని సినిమాలో తప్ప చూడని ఊరి నుంచి పోయి, ఇరవై ఆరేళ్లు సరుకుల ఓడల మీద వంట చేసి అందరి ఆకలీ తీర్చిన పుణ్యాత్ముడు. ఆ రోజు పొద్దున అందరికీ టిఫిను పెట్టి, ఓడ వంటగదిలోనే స్టూలు మీద కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. మా ఆయన దుకాణం నుంచి వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను చింతపండు పిసుకుతున్నాను. చేయి గిన్నెలోనే ఉండిపోయింది. నా తోటికోడలు సుజాత, ఆయన భార్య, పెరట్లో నుంచి “ఏమైందక్కా” అని మూడుసార్లు అడిగింది.

ఆయన గుణగణాలు చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పుకోవాలి. జీవితంలో ఆయన మా నుంచి కోరింది ఒక్కటే. తన ఇంట్లో, తన చేత్తో, తనవాళ్లకు ఒక్క పూట వండి పెట్టాలని. అది తీరలేదు. తీరనివ్వని వాళ్లలో నేనూ ఉన్నాను.

మాది వైశ్యుల ఇల్లు, కార్తీకంలో ఉల్లిగడ్డ కూడా ముట్టం. నాగభూషణం హైదరాబాద్‌లో వంటల కోర్సు చేసి, బొంబాయి పోయి ఓడ ఎక్కినప్పుడు మా అత్తమ్మకు “సామాన్లు చూసుకునే పని” అని చెప్పాడు. రెండో సెలవులో ఆయన తెచ్చిన ఫోటోల్లో ఒకటి బయటపడింది. తెల్ల టోపీ పెట్టుకొని, బల్ల మీద నిండు మేక ముందర కత్తి పట్టుకొని నవ్వుతున్నాడు. అత్తమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. అరవలేదు.

“నువ్వు తెచ్చే పైసలు దేవుడిచ్చినయే అనుకుంట బిడ్డా. ఆ చేతులు మాత్రం నా పొయ్యి కాడికి తేకు.”

“నేను తినలేదమ్మా. ఉప్పు గూడ చూడను. వాసనతోటే వండుత.”

“వాసన పీల్చినవ్ గద. సగం తిన్నట్టే.”

“గట్లయితే ఓడల అందరికంటె ఎక్కువ తిన్నది నేనే అన్నట్టు,” అన్నాడు. అత్తమ్మ కూడా మొహం పక్కకు తిప్పుకొని నవ్వింది. మాట మాత్రం మార్చుకోలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మాంసం కూరలకు ఉప్పుకారాలు చూడడానికి పక్కన ఒక బెంగాలీ మనిషి ఉండేవాడట. చచ్చిపోయేదాకా ఒక్క తునక నోట్లో పెట్టలేదు.

తొమ్మిది నెలలు నీళ్ల మీద, మూడు నెలలు మా మధ్య. ఇదీ ఆయన సంసారం. కూతురు హారిక పుట్టినప్పుడు ఆయన ఓడ ఏ దేశం దగ్గర ఉందో మాకు తెలియదు. ఆ ఏడు సెలవు దొరకక, బిడ్డ నడక నేర్చాక చూశాడు. ఎత్తుకోబోతే పాప నా కొంగు వెనక దాక్కుంది. ఆయన బలవంతపెట్టలేదు. దూరంగా కూర్చొని ఒక కీరదోసకాయ తీసుకొని, చిన్న కత్తితో పడవలా చెక్కడం మొదలుపెట్టాడు. తెరచాప పెట్టేసరికి పాప ఆయన మోకాలి మీద చేయి వేసింది. “ఓడ మీద ఇల్లు యాదికొస్తది, ఇంట్ల ఓడ యాదికొస్తది. ఏడికి పోయినా సగం మనిషినే వదినె,” అనేవాడు.

సెలవులో కూడా తెల్లవారుజామున నాలుగింటికే లేచేవాడు. ఓడలో అప్పుడే పొయ్యి దగ్గరికి పోవాలట. ఇక్కడ పోవడానికి పొయ్యి లేదు. వంటింటి కిటికీ కింద అరుగు మీద కూర్చునేవాడు. నేను లోపల పని చేసుకుంటూ, “ఏం నాగన్నా, కాపలా కాస్తున్నవా?” అంటే, “నీ గిన్నెలు ఎవలన్న ఎత్కపోతరని,” అనేవాడు. ఊరికే కూర్చున్నాడనుకునేదాన్ని.

సుజాత ఒకసారి ఉపాయం చెప్పింది. “హన్మకొండల ఒక గది తీసుకుందాం. హారికను ఆడికే పిలుద్దాం. నీ ఇష్టమొచ్చినట్టు వండిపెట్టు.” ఆయన ఒప్పుకోలేదు. “దాసుకొని పెట్టేది తిండి ఎట్లయితది? ఇంట్ల, అందరి ముందర పెట్టాలె,” అన్నాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అత్తమ్మ పోయినప్పుడు ఓడ నడిసముద్రంలో ఉంది. దిగడానికి రేవు లేదు. చితికి పెద్దకొడుకుగా మా ఆయనే నిప్పు పెట్టాడు. అయిదు నెలలకు వచ్చిన నాగభూషణం తల్లి ఫోటో ముందు కూర్చొని, ఆ రోజు తానేం చేశాడో చెప్పాడు. ఎప్పటిలాగే ఇరవై ఇద్దరికి మూడు పూటలా వండాడు.

“అయ్యో, ఆ పొద్దన్న ఎవలన్న జర సాయం పట్టలేదా నాయినా?” అన్నాను.

“ఎవల పని వాళ్లది వదినె. నేను ఏడ్సుకుంట కూసుంటె వాళ్లు ఉపాసముంటరు గద.”

అదే ఆయన చివరి సెలవు. హారికకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, నాలుగు రోజుల్లో పోవాలి. అప్పుడు వంటింటి గడప అవతల నిలబడి అడిగాడు. అంతకుముందు తల్లిని కూడా అట్లా అడగలేదు.

“వదినె, పిల్ల పోయేలోపల ఒక్క పూట నేను వండుత. పప్పు, చారు, ఒక కూర, గంతే. నీ గిన్నెలు ముట్ట. కొత్తయి తెచ్చుకుంట.”

“అత్తమ్మ సంవత్సరీకం కానియ్యి నాగన్నా. పెద్దామె మాట ఇంకా చల్లారలే.”

“సరే. నువ్వెట్లంటే గట్లనే. మళ్లొచ్చినప్పుడు చూద్దాం.”

ఇన్నాళ్లూ అది అత్తమ్మ మీద భక్తి అని చెప్పుకున్నాను. కాదు. కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ వంటిల్లే. దుకాణం వాళ్లది, ఇల్లు అత్తమ్మది. ఇరవై ఇద్దరికి వండే చేయి అందులోకి వస్తే రేపటి నుంచి నా కూరను ఎవరు మెచ్చుకుంటారన్న గుబులు నాది. అత్తమ్మ పోయాక ఆ కట్టుబాటు ఉంచమని నన్నెవరూ అడగలేదు. నేనే ఉంచాను. తర్వాత సంవత్సరీకం అయింది. ఆయన వచ్చేసరికి కొత్త గిన్నెలు కొనిపెట్టాలని అనుకున్నాను. కొన్నానని చెప్పలేను, కొనలేదు.

పార్థివదేహం ఇల్లు చేరడానికి పదిహేడు రోజులు పట్టింది. అంతదాకా పొయ్యి వెలిగించవచ్చా అని పెద్దమనుషులను అడిగాం. సముద్రంలో పోయినవాళ్ల ముచ్చట మరిపెడలో ఎవరికి తెలుసు? ఒకరు మూడు రోజులన్నారు, ఒకరు శవం వచ్చేదాకా వద్దన్నారు. చివరికి వెలిగించలేదు. ఇరుగుపొరుగువాళ్లు తెచ్చిపెట్టింది తిన్నాం. ఆ రోజుల్లోనే ఆ ఓడ నుంచి ఒక ఫోన్ వచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషట, ఇంజన్ పని చేస్తాడట. సుజాతను పరామర్శించాక నన్ను పిలవమన్నాడు.

“వదినగారంటే మీరేనా అండీ? ఆదివారం సాయంత్రం మాస్టారు మాకు సర్వపిండి చేసి పెట్టేవారు. మా వదిన చేసినట్టే చేశాను, అనేవారు.”

“నేను ఎన్నడు నేర్పలేదు నాయినా.”

“వంటింటి గోడ బయట కూర్చొని నేర్చుకున్నారటండి. గిన్నెకు పిండి అద్దే చప్పుడు, నూనె చిటపట, మూత ఎప్పుడు పడిందో, ఎప్పుడు తీశారో, అన్నీ విని పట్టుకున్నారట.”

వంట చేసేదాన్ని గదా, నోటికి వచ్చిందే అడిగాను. “ఉప్పు సరిగ్గ పడేదా?”

“సరిగ్గా పడేదండి. ఆ ఒక్కదానికి మాత్రం ఆయనే రుచి చూసుకునేవారు.”

కర్మకాండ అంతా అయ్యాక పొయ్యి వెలిగించి అన్నం వడ్డించాను. హారిక కంచం ముందు కూర్చొని అడిగింది. “పెద్దమ్మా, బాపు వంట ఎట్లుంటది?”

సుజాత నా వైపు చూసింది. మా ఆయన తల వంచుకున్నాడు. ఏ దేశాల మనుషులకో ఆయన వంట రుచి తెలుసు. కన్నబిడ్డకు తెలియదు, కట్టుకున్నదానికి తెలియదు, తోడబుట్టినవాడికి తెలియదు.

“తెల్వది బిడ్డా,” అన్నాను. “నేను వండనియ్యలే.”

హారిక రెండు ముద్దలు కలిపి, తినకుండానే లేచి చేయి కడుక్కుంది. సాయంత్రం బస్సుకు హైదరాబాద్ వెళ్లిపోయింది.

నాగభూషణమా, పరాయివాళ్లకు అన్నదాతవై, సొంత ఇంట్లో గడప అవతలి మనిషివై బతికావు. నీ వంటివాడు మా వంశంలో మళ్లీ పుట్టడు. తల్లి లాంటి వదిన మరిదికి చేతులెత్తి మొక్కకూడదంటారు. అయినా మొక్కుతున్నాను.

ఇంతసేపు విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీవాళ్లు ఏ నీళ్ల మీద, ఏ దారిలో ఉన్నా క్షేమంగా ఇల్లు చేరాలి. చేరినవాళ్లు నోరు తెరిచి ఏదైనా అడిగితే, అది ఆ పూటే జరగాలి.