ఇవి మా చీమలు కావండి

మా వీధిలో నన్ను చీమలాయన అంటారు. న్యాయంగా అయితే అద్దాలాయన అనాలి. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం నా పని. దుకాణం మా బావది, అంటే మా అక్క మొగుడిది. సగం వీధి నేను బిగించిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తోంది. అయినా ఆ అద్దాల్లోంచి నన్ను చూస్తే మాత్రం వాళ్ళకి చీమలే గుర్తొస్తాయి. వాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. ఎవరింటికి వెళ్ళినా, కూర్చోమనేలోపే గోడ మూలకి వంగి చూసే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ఈ పిచ్చి మొదలైన తీరు కూడా చెప్పుకోదగ్గది కాదు. ఒకసారి వాన వెలిశాక దుకాణం మెట్ల మీద రెక్కలు రాలిన పురుగు ఒకటి దొరికింది. రాణి చీమ దొరికిందని పొంగిపోయి, మందు సీసాలో పెట్టి, అడుగున తడి దూది కుక్కి, నల్లగుడ్డ కప్పి, వారాల తరబడి కాపలా కాశాను. రాణిగారు అని పేరు కూడా పెట్టాను. చివరికి మా బావ సీసా ఎత్తి చూసి, ఇది చీమ కాదురా, చెదపురుగు, దీన్ని పెంచి నా బల్లలన్నీ తినిపిద్దామనుకున్నావా అని అడిగాడు. చీమకి సన్నటి నడుము ఉంటుంది, చెదకి ఉండదు. ఆ మాత్రం తేడా కనిపెట్టలేనివాణ్ణి ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. అసలు చీమంటే ఏమిటో అంతు చూస్తానని పంతం పట్టాను. అంతు దొరకలేదు గానీ, ఇంట్లో నాలుగు జాతుల చీమలు చేరాయి.

మా వెనక గది వాటికి రాసిచ్చేశాను. కిటికీ పక్కన, సున్నపు దిమ్మలో తొలిచిన అరల్లో గండు చీమలు. వాటి పక్కన గింజలు పోగేసే చీమలు. కింద కుండీలో మొక్క, ఆ మొక్క ఆకులు కుట్టుకుని ఎర్ర చీమలు. గాజు గొట్టాల్లో చలి చీమలు. చీమలకి ఎరుపు కనపడదు కాబట్టి, రంగు కుదరక దుకాణంలో పక్కన పడేసిన ఎర్రటి అద్దాలు తెచ్చి అరల మీద కప్పేవాణ్ణి. అవి చీకట్లో ఉన్నామనుకుని హాయిగా తిరిగేవి, నేను పక్కింటి గొడవ వినేవాడిలా కళ్ళప్పగించి చూసేవాణ్ణి. ఈ నాలుగింటినీ ఉంచిన డబ్బాల అంచులకి టాల్కం పౌడరు స్పిరిట్‌లో కలిపి పూస్తే కాళ్ళు జారి పైకి ఎక్కలేవు. మా ఇంట్లో పౌడరు డబ్బా తెచ్చిన వారానికే ఖాళీ అయ్యేది. మా ఆవిడ ముఖానికి అద్దుకున్నది తక్కువ, నేను చీమలకి పూసింది ఎక్కువ.

ఇంతకీ అసలు సంగతి చెప్పలేదు. మా ఆవిడ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. మొగుడు చీమలు పెంచుతాడు, పెళ్ళాం చక్కెరతో బతుకుతుంది. ఇంతకంటే తెలివితక్కువ ఏర్పాటు ఎక్కడైనా ఉంటుందా? అయినా మా కాపురం సాఫీగానే సాగింది. ఎందుకంటే ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. చీమ గానీ, చీమల మాట గానీ వంటింటి గడప దాటకూడదు. చీమల్ని దాటనివ్వలేదు. మాట సంగతి ఇప్పుడు చెబుతాను.

మా ఆవిడ చేతి పనితనం మామూలుది కాదు. చక్కెర ముద్దతో పువ్వులు చేసి, చిన్న పట్టకారుతో ఒక్కో రేకూ అతికిస్తుంటే నాకు కూడా కాసేపు చీమలు మరుపుకొచ్చేవి. కానీ కేకులు కొనేది వీధిలోవాళ్ళే, పిల్లల పుట్టినరోజులకే. మా ఇంటికి రెండు సందుల అవతల పెద్ద ఫంక్షన్ హాలు ఉంది. దాన్ని నడిపే ఆవిణ్ణి అందరూ హాలు మేడం అంటారు. ఆ హాల్లో జరిగే ప్రతి వేడుకకీ కేకు మా ఆవిడ దగ్గరే తీసుకునేలా మాట కుదిరితే, పెద్ద ఓవెన్ పెట్టుకోవచ్చు, వీధి దాటి నాలుగు చోట్ల పేరు తెచ్చుకోవచ్చు. దాని కోసం మా ఆవిడ ఎన్నాళ్ళ నుంచి కాచుకుందో నాకు తెలుసు. హాలు ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నడక నెమ్మది చేసి లోపలికి చూసేది.

ఆఖరికి హాలు మేడం ఒకరోజు రుచి చూస్తానని, వంటిల్లు కూడా చూసుకుంటానని కబురు పంపింది. మా ఆవిడ ఇల్లంతా కడిగింది. నన్ను పక్కకి పిలిచి, ఆవిడ ఉన్నంతసేపూ వెనక గది తలుపు మూసి ఉంచమని, నోటికి తాళం వేసుకోమని చెప్పింది. నేను బుద్ధిమంతుడిలా తలూపాను.

హాలు మేడం వచ్చింది. ఓవెన్ చూసింది, గిన్నెలు చూసింది, అలమర తలుపులు తీసి చూసింది. అన్నీ నచ్చినట్టే ఉన్నాయి. తర్వాత బల్ల దగ్గర కూర్చుని కేకు ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే, కిటికీ అంచు నుంచి బల్ల మీదికి సన్నగా చీమల బారు వస్తూ కనిపించింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. మా ఆవిడ మాత్రం తొణక్కుండా తడిగుడ్డతో తుడిచేసి, ఎండలు ముదిరాయి కదండీ, కిటికీ తీస్తే చాలు వచ్చేస్తున్నాయి అంది. హాలు మేడం నవ్వి, మా ఇంట్లో అయితే మంచం మీదికే వస్తున్నాయి అంది. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. ఏ ఇంట్లోనైనా అలాగే అయిపోతుంది.

నా ఇంట్లో అవలేదు. నా చీమల్ని ఇంత కట్టుదిట్టంగా పెంచుతుంటే, ఎక్కడివో అనామకపు చీమలు చేసిన పనికి నా చీమల మీద అనుమానం పడుతుందేమోనని నా బాధ. అనుమానం ఎవరికి? హాలు మేడంకి నా చీమలున్న సంగతే తెలియదు. ఆ చిన్న విషయం నా బుర్రకి తట్టలేదు.

"ఇవి మా చీమలు కావండి" అన్నాను.

హాలు మేడం నోటిదాకా వచ్చిన చెంచా ఆగిపోయింది. "మీ చీమలంటే?" అంది.

మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఈ వచ్చినవి పసుపుపచ్చటి బుల్లి చీమలని, సరిగ్గా చూస్తే వీటి నడుములో చెరుకు గడకి ఉన్నట్టు రెండు కణుపులుంటాయని, మా గండు చీమలకి ఒకటే ఉంటుందని, పైగా మావి గడప దాటే రకం కావని వివరించాను. నమ్మకం కుదరకపోతే స్వయంగా చూసుకోవచ్చని వెనక గది తలుపు కూడా తెరిచాను. హాలు మేడం మర్యాదస్తురాలు. గుమ్మంలోనే నిలబడి నాలుగు డబ్బాల వైపూ చూసి, బాగున్నాయండీ అంది. కేకు ముక్క అలాగే ప్లేటులో వదిలేసి వెళ్ళిపోయింది.

తలుపు మూశాక మా ఆవిడ గొంతు పెంచలేదు. బల్ల తుడుస్తూనే అంది: "మీ చీమల పరువు నిలబెట్టుకున్నారు. మరి నా పరువో?"

చీమల్ని తీసేయమని మాత్రం అనలేదు. అని ఉంటే ఎదురు వాదించి ఉండేవాణ్ణి, అంత ఘనుణ్ణి. అనకపోయేసరికి నాకు నేనే ఎదురుపడ్డాను. ఇన్నాళ్ళూ ఆమె నా పిచ్చిని భరించింది, ఆమె ఆశని నేను ఒక్క గంట భరించలేకపోయాను.

మర్నాడే డబ్బాలన్నీ రిక్షాలో వేసుకుని దుకాణానికి చేర్చాను. మా బావ చూసి చాలాసేపు నవ్వాడు. "మన దగ్గరికి వచ్చేది కళ్ళు కనపడనివాళ్ళు కాబట్టి సరిపోయింది, పెట్టుకో" అన్నాడు. అద్దాలు అరగదీసే గదిలో పై అర ఖాళీ చేసి ఇచ్చాడు. మా అక్కకి తెలియనివ్వనని మాట కూడా ఇచ్చాడు.

ఇంట్లో వెనక గది కడిగి, సున్నం వేయించాను. మా ఆవిడ అందులో కేకు పెట్టెలు సర్దుకుంది. చీమలకి మేత పెట్టే అలవాటు చావక, అగ్గిపుల్ల కొసన తేనె చుక్క పెట్టుకుని పొద్దున్నే ఆ గదిలోకి వెళ్ళి, అట్టపెట్టెల ముందు నిలబడిపోయేవాణ్ణి. ఆ తేనె నేనే నాకేసి బయటికి వచ్చేవాణ్ణి. ఇది మా ఆవిడ ఒకటి రెండుసార్లు చూసింది.

కొన్నాళ్ళకి ఆమె తనే హాలు మేడం దగ్గరికి వెళ్ళి, ఇల్లు మళ్ళీ ఒక్కసారి చూసి మాట చెప్పమని అడిగింది. చీమలు ఇంట్లో లేవని కూడా చెప్పింది. ఆవిడ సరే అంది. ఆ పూట నన్ను కూడా ఇంట్లో ఉండమంది మా ఆవిడ. లేకపోతే మొగుణ్ణి, చీమల్ని కలిపి ఎక్కడో దాచిందనుకుంటారట.

ఆ పొద్దున దుకాణంలో నాకు పెద్ద పని పడింది. గండు చీమలు పెరిగిపోయి దిమ్మ చాలడం లేదు. కొత్త దిమ్మ తొలిచి పాతదానికి గొట్టంతో కలిపాను. అవి పిల్లల్ని నోట కరుచుకుని ఒకదాని వెనక ఒకటి కొత్త ఇంట్లోకి నడుస్తుంటే, నన్ను నేను మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను. టైము చూసుకుని ఉలిక్కిపడి ఇంటికి పరుగెత్తాను. చొక్కా దులుపుకోవాలన్న జ్ఞానం లేకుండా పరుగెత్తాను.

హాలు మేడం వెనక గది చూసింది, కేకు పెట్టెలు చూసింది, ముందు గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మా ఆవిడ కేకు ముక్క తెచ్చి పెట్టింది. సరిగ్గా అప్పుడు నా కాలరు కింద ఏదో కదిలింది. ఆరు కాళ్ళ నడక నాకు కొత్త కాదు. అది గండు చీమే.

లేచి వెళదామంటే, పోయినసారి నేను లేచినప్పుడు ఏమైందో అందరికీ గుర్తుంది. గోకుదామంటే అది బయటపడుతుంది. నేను కాస్త మెలిక తిరిగాను. కాలరు నొక్కుకుంది. అది కొరికింది. గండు చీమ ఊరికే కొరికి వదలదు, ఆ గాట్లో ఘాటు నీళ్ళు చిమ్ముతుంది. ఈ సంగతి వీధిలో ఎంతోమందికి గర్వంగా చెప్పాను. ఎంత మంటో మాత్రం అప్పటిదాకా నాకు తెలియదు. నా మెలికలు చూసి మా ఆవిడ, నేను చీమల ఊసెత్తడానికి తహతహలాడుతున్నాననుకుని కళ్ళతోనే బతిమాలింది.

"మరి మీ చీమలన్నీ ఏవండీ?" అని హాలు మేడం నన్నే అడిగింది.

"మా బావ దుకాణంలో పెట్టానండి" అన్నాను. అప్పుడే రెండోసారి కొరికింది. నా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగి చెంపల మీదికి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తినా ప్రమాదమే కాబట్టి కారనిచ్చాను.

హాలు మేడం ప్లేటు కింద పెట్టేసింది. "అయ్యో, ఇంత ప్రాణంగా పెంచుకున్నారా" అంది. మా ఆవిడ వైపు తిరిగి, "మీ కోసం వదులుకున్నారన్నమాట. ఇక మీరేం చెప్పక్కర్లేదు" అంది. కేకు ముక్క మొత్తం తినేసింది. వచ్చే నెల నుంచి హాల్లో ప్రతి వేడుకకీ కేకు మా ఇంటి నుంచే రావాలంది. నేను శిలలా కూర్చుని కన్నీళ్ళు కార్చాను. నా జీవితంలో ఇంత పేరు తెచ్చిన ఉపన్యాసం ఇదొక్కటే.

గేటు చప్పుడు వినగానే చొక్కా గుండీలు తెంపుకున్నంత పని చేశాను. మెడ వెనక అది వేలాడుతోంది. మా ఆవిడ చూసింది. ఇక పుట్టి మునిగిందనుకున్నాను. ఆమె వంటింట్లోకి వెళ్ళి, పువ్వుల రేకులు అతికించే పట్టకారుల్లో పాతది ఒకటి తెచ్చి, నన్ను వాకిట్లోకి నడిపించి, వంగమంది. చీమని మెల్లగా విడదీసింది. కింద పడేసి తొక్కుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి అది ఖాళీ సీసాలో తిరుగుతోంది. మూతకి సూదితో బెజ్జాలు పొడుస్తోంది మా ఆవిడ.

"ఇది కొరికినందుకేనా ఏడ్చారు?" అంది.

"సగం" అన్నాను. మిగతా సగం దేనికో ఆమె అడగలేదు. వెనక గదిలో అట్టపెట్టెల ముందు నేను నిలబడటం ఆమె చూసిందే కదా.

"రేపు తీసుకెళ్ళి దాని వాళ్ళ దగ్గర వదిలిపెట్టండి. ఈ పూటకి వాకిట్లోనే ఉంటుంది, లోపలికి మాత్రం తేవద్దు" అని సీసా గట్టు మీద పెట్టింది. లోపలికి వెళ్ళబోయి ఆగింది. దగ్గరివి చూడటానికి నేను పెట్టుకునే కళ్ళజోడు నా ముఖం మీంచి తీసి, తను పెట్టుకుని, సీసా ముందు వంగింది. ఇన్నేళ్ళలో ఆమె నా చీమని దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఆ రోజు కణుపులని ఏదో చెప్పారు. దీనికి ఎన్ని?" అంది.

చెప్పడానికి నా దగ్గర ఒక పూటకి సరిపోయే మాటలున్నాయి. గొంతులోంచి ఒక్కటే వచ్చింది. "ఒకటి" అన్నాను.

"ఏదీ, కనపడటం లేదే" అంటూ ఆమె ఇంకాస్త కిందికి వంగింది. నేను సీసాని వెలుతురులోకి జరిపాను.