రసీం పోసిన రెండో కప్పు

రసీం గోడకు వీపు ఆనించే కూర్చుంటాడు. అమెరికాలో, నోవై ఊళ్ళోని కార్ల విడిభాగాల కంపెనీ లంచ్‌రూమ్‌లో తలుపు కనబడే కుర్చీ ఎప్పుడూ ఆయనదే. బోస్నియా యుద్ధంలోంచి బయటపడి వచ్చిన మనిషి. ఫ్రిజ్‌లో పాలు కూడా వాసన చూడందే వాడడు. పొడుగు పిడి ఉన్న రాగి గిన్నెలో కాఫీ కాచుకుంటూ, నురగ అణిగేదాకా దాని మీదనుంచి చూపు తిప్పడు. బోస్నియాను చేర్చుకునే చర్చలకు యూరోపియన్ యూనియన్ ఒప్పుకుందని పక్క సీటు త్రివేణి కంగ్రాట్స్ చెబితే, మీసం తుడుచుకున్నాడు. "చట్టాలు మారుస్తారు. మనుషుల్నెవరు మారుస్తారు? మా దగ్గర ప్రెసిడెంట్‌గా నిలబడాలంటే నువ్వు ఏ జాతివో ముందు చెప్పాలి. ఆ రూల్ పోయిన రోజు నమ్ముతా."

ఆ వారమే వాళ్ళ టీమ్‌లో లానా చేరింది. సారాయెవోలో చదువుకుని వచ్చిన అమ్మాయి. సొంత దేశం మనిషి కనబడేసరికి రసీం మొదటిసారి రెండో కప్పు తీశాడు. ఆయన కళ్ళు ఆమె బ్యాడ్జి మీదికి వెళ్ళాయి. దానిమీద ఇంటిపేరు లేదు. కాఫీ పోస్తూ, "ఇంటిపేరు?" అన్నాడు. అక్కడ పేరును బట్టి జాతి, జాతిని బట్టి యుద్ధంలో ఏ వైపో తెలిసిపోతుంది. లానా నవ్వింది. "లానా అంటే చాలు. ఆ ప్రశ్న అడగని దేశం కావాలనే మేమంతా ఓటేస్తున్నాం." త్రివేణి తలొంచుకుని పెరుగన్నం కలుపుకుంది. తెలుగువాళ్ళ పార్టీల్లో ఆమెకు ఎదురయ్యే మొదటి ప్రశ్నా అదే. రసీం చాలాసేపు తల ఊపాడు. "కరెక్ట్. మీలాంటివాళ్ళే కావాలి," అన్నాడు. ఆమెకు పోసిన కప్పు మాత్రం ఇంకా తన చేతిలోనే ఉంది.

"పోనీ, మీ నాన్న పేరు చెప్పు."